మూడో మనిషి అడ్డంకి

నేను పురపాలక కార్యాలయంలో ముప్పై ఒక్క ఏళ్లు ఉత్తర్వులు రాశాను. ఉత్తర్వు ఇచ్చేవారు వేరు, దాన్ని అమలు చేసేవారు వేరు. వాళ్లిద్దరి మధ్య కూర్చుని వాక్యం కట్టేవాణ్ణి నేను. ఆఫీసులో అందరూ నన్ను కామా అనేవారు. నా వాక్యం చివర చుక్క ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తూ ఒక కమిషనర్ రిటైరైపోయాడని వాళ్ల వేళాకోళం. మొదట్లో ఆ పేరుకు నొచ్చుకున్నాను. తరవాత అలవాటు పడ్డాను. ఆ పైన, సిగ్గు విడిచి చెబుతున్నాను, దాన్ని బిరుదులా మోశాను.

మా అక్క దర్జీ. నాకంటే ఎనిమిదేళ్లు పెద్దది. అమ్మ పోయాక నాకు అన్నం పెట్టిందీ, అక్షరాలు నేర్పిందీ, అవసరమైనప్పుడు వీపు వాయించిందీ తనే. ఇల్లు ఒకటే, భాగాలు రెండు. కింద అక్క, పైన నేనూ నా భార్యా. కింది గదిలో వెలుతురు తక్కువ. అందుకని మధ్యాహ్నం తిరగగానే అక్క కుట్టుమిషన్ను గుమ్మం దాకా లాక్కుని, మెట్ల మీద పడే ఎండలో పని చేసుకునేది. అయిదయ్యేసరికి ఇరుగుపొరుగువాళ్లు తలా ఒక కుర్చీ పట్టుకుని వచ్చేవారు. ఎదురింటి రైలు డ్రైవరు వచ్చేవాడు. రిటైరై ఆరేళ్లయినా, మాట్లాడే ముందు కూత వేసినట్టు గొంతు సవరించుకోవడం మానలేదు. మూలింటి నర్సు డ్యూటీ దిగి వచ్చేది. నా భార్య అయితే చెప్పనే అక్కర్లేదు, నాకు టీ ఇవ్వడం మరిచిపోయినా అక్కడికి వెళ్లడం మరిచిపోయేది కాదు.

ఆ ఏడాది వాళ్ల మాటలన్నీ నీళ్ల చుట్టూనే తిరిగాయి. మా పేటలో కుళాయి తిప్పితే ఎనిమిది నెలలుగా తుప్పు రంగు నీళ్లు వస్తున్నాయి. తెల్ల చొక్కా ఉతికితే లేత గోధుమ రంగుకు తిరిగేది. అక్క కుట్టిన బట్టలు ఒక ఉతుకుకే ముసలివైపోయేవి. చివరికి అందరూ కలిసి ఒక అర్జీ రాశారు. మొదటి సంతకం అక్కది. రెండో సంతకం నా భార్యది. నన్ను పెట్టమంటే, నేను ఆఫీసు మనిషిని కదా, రెండు పడవల మీద కాళ్లు పెట్టకూడదు అన్నాను. ఆ మాట అనేటప్పుడు నా గొంతులో ఎంత గాంభీర్యం ఉందో, ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

అర్జీ ఆఫీసుకు చేరిన వారానికి కమిషనర్‌గారు నన్ను పిలిచారు. ఆయన చెడ్డవాడు కాదు. బల్ల మీద పెన్నులు వరసగా, ఒకే వైపుకు మొహం పెట్టి ఉండాలి ఆయనకు. మనుషులు కూడా అలాగే ఉంటే బాగుండుననుకునేవారు.

"ఈ కుర్చీల గొడవేంటి కామా? ఏ సందులో చూసినా నలుగురు కూర్చుని ఆఫీసుని తిట్టడమే. ఏదైనా చెయ్యాలి," అన్నారు.

"అలాగే సార్," అన్నాను.

ఆయన అన్నది 'ఏదైనా' అని మాత్రమే. ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమనే రకం నేను. నా బల్ల దగ్గరికి వెళ్లి నిబంధనల పుస్తకం తీశాను. వెతగ్గా వెతగ్గా పదిహేడో నిబంధన దొరికింది. దారికి అడ్డంగా ఉన్న బండిని, కలపని, ఇటుకల కుప్పని, చచ్చిన పశువుని ఆఫీసు తొలగించవచ్చు అని అందులో ఉంది. కుర్చీలు కూడా దాని కిందికి తేవచ్చు. అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. కానీ 'మృత పశువు' అనే మాట దగ్గర వాక్యం కుంటింది. ఇంకొక్క మాట పడితే నడక కుదురుతుందనిపించింది. ఆ కుదిరిన వాక్యం ఇదీ:

'ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, ప్రజా మార్గములందు గానీ, వాటిని ఆనుకొనియున్న మెట్లు, గడపలందు గానీ, బండి, కలప, ఇటుకలు, కుర్చీలు, మృత పశువు, లేదా ముగ్గురు గానీ అంతకు మించి గానీ వ్యక్తులు గల సమూహము, నిలిచి గానీ, కూర్చొని గానీ యుండుట, అడ్డంకిగా పరిగణింపబడి, తొలగింపబడును.'

ముగ్గురే ఎందుకు? అయిదుగురు అని రాసి చూశాను. నోటికి బరువుగా ఉంది. ముగ్గురు అంటే తేలిగ్గా పలుకుతుంది. అంతకు మించి కారణం లేదు. కింద శిక్ష కూడా రాశాను: జరిమానా, అది కట్టకపోతే మూడు రోజుల ఖైదు. ఆ మూడు కూడా పైన ఉన్న మూడుకు జోడు కుదురుతుందనే.

కమిషనర్‌గారు మొదటి పంక్తి చదివి, చివర సంతకం పెట్టి, "మీ భాష బాగుంటుంది," అన్నారు. ఆ రోజు ఇంటికి నడిచి వెళ్లలేదు, తేలుతూ వెళ్లాను.

మర్నాడు ఆ కాగితం మా సందు మొదట్లో గోడకు అంటించారు. సాయంత్రం నేను వచ్చేసరికి అక్క, డ్రైవరు, నర్సు, నా భార్య దాని ముందు నిలబడి ఉన్నారు. నేను కాస్త దూరంలో ఆగి, పాటగాడు చప్పట్ల కోసం ఆగినట్టు ఆగాను.

"ఒరేయ్, ఇలా రా. ఇదేదో నీ కూత లాగే ఉంది. ఏమంటోంది ఇది?" అంది అక్క.

"ముగ్గురు కలిసి మెట్ల మీద కూర్చోకూడదని అక్కా."

"ఇద్దరు?"

"ఇద్దరైతే పర్వాలేదు."

"మరి మూడో మనిషి వస్తే?"

"మూడో మనిషి అడ్డంకి అవుతాడు."

"మా ముగ్గురిలో మూడో మనిషి ఎవరో ఎలా తెలుస్తుందిరా?"

ఆ ప్రశ్న నాకు రాసేటప్పుడు తట్టలేదు. డ్రైవరు గొంతు సవరించుకున్నాడు. "పెట్టెలు లెక్కపెట్టినట్టు ఇంజను వైపు నుంచి లెక్కపెడతారేమో," అన్నాడు. నా భార్య మాత్రం నవ్వలేదు. కాగితం మీద వేలు పెట్టి, "చచ్చిన పశువు తరవాత మమ్మల్ని పెట్టారండీ," అంది మెల్లగా.

అక్క ఆ రాత్రి భోజనానికి ముందే ఒక ఉత్తరం రాసిందని నాకు మర్నాడు తెలిసింది. తెలియకుండా ఎలా ఉంటుంది, ఆఫీసుకు వచ్చే ఉత్తరాలన్నీ ముందు నా బల్ల మీదకే వస్తాయి. అక్క చేతిరాత గుండ్రంగా, గుండీలు పేర్చినట్టు ఉంటుంది. 'అయ్యా, మీ ఉత్తర్వు చదివాము. అది సరైనది కాదు. అందుచేత గురువారం సాయంత్రం అయిదు గంటలకు మా మెట్ల మీద మేము నలుగురం కూర్చుంటాము. దారిన పోయేవారికి చోటు వదులుతాము. మీరు ఎవరిని పంపినా మేము అక్కడే ఉంటాము.' కింద నాలుగు సంతకాలు. నాలుగోది నా భార్యది.

నేను ఆ ఉత్తరాన్ని రిజిస్టరులో ఎక్కించలేదు. సొరుగులో, పాత క్యాలెండర్ల కింద దాచాను. అక్కను కాపాడుతున్నానని నాకు నేను చెప్పుకున్నాను. కాపాడుకున్నది ఎవరినో సొరుగుకు తెలుసు.

గురువారం వాళ్లు కూర్చున్నారు. ఎవరూ రాలేదు. శుక్రవారం పొద్దున అక్క మెట్ల దగ్గర నన్ను పట్టుకుంది.

"నా ఉత్తరం పైకి వెళ్లిందా?"

"ఉత్తరమా? ఏ ఉత్తరం?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి కోటు జేబు మీదకు పోయింది. ఉత్తరం అందులో లేకపోయినా పోయింది. అక్క నా చేతిని చూసింది.

"దాచావు."

"నీ మంచికే అక్కా. వాళ్లకి తెలియదు, నువ్వు కూర్చున్నావు, అయిపోయింది. పాము చావలేదు, కర్ర విరగలేదు."

"తెలియకుండా కూర్చోవాలంటే ఇంట్లో తలుపేసుకుని కూర్చుంటాను కదరా. చెప్పి చెయ్యాలనే ఉత్తరం రాశాను. వాళ్లు చూడాలి, వద్దనాలి, నేను కాదనాలి, వాళ్లు ఏం చేస్తారో ఊరంతా చూడాలి. చెప్పకుండా చేస్తే నేను దొంగనవుతాను. నన్ను దొంగని చేశావు నువ్వు."

అరవై నాలుగేళ్ల మనిషి యాభై ఆరేళ్ల వాడికి ఇలా చీవాట్లు పెడుతుంటే మేడ మీది కిటికీలోంచి నా భార్య వింటోంది. నేను ఆఫీసుకు వెళ్లి ఉత్తరం తీసి, ముద్ర కొట్టి, పైకి పంపాను. తారీకు మాత్రం ఒక రోజు వెనక్కి వేశాను. పిరికితనంలో కూడా నాకు క్రమశిక్షణ ఉంది.

కమిషనర్‌గారు ఉత్తరం చదివి ఎర్రబడ్డారు. "వీళ్లు చెప్పి మరీ చేస్తారా!" అన్నారు. చాటుగా చేసేవాళ్లతో ఆయనకు ఏ పేచీ లేదు. వాళ్లను చూడనట్టు ఉండొచ్చు. చెప్పి చేసేవాళ్లను చూసి తీరాలి.

అక్క మరో ఉత్తరం రాసింది, మరో గురువారం వచ్చింది. ఆ సాయంత్రం నేను ఇంటికి మామూలు దారిన రాలేదు. నలుగురు మెట్ల మీద ఉంటారు, నేను వాళ్లను దాటుకుని వెళ్తే క్షణం సేపైనా అయిదో మనిషినవుతాను. అందుకని వెనక సందులోంచి, బొగ్గుల కొట్టు గోడ పక్కనుంచి, బురదగుంటలు తప్పించుకోవడానికి ఒంటికాలి మీద గెంతుతూ మా పెరటి తలుపు చేరాను. సొంత ఇంట్లోకి దొంగలా దూరిన మొదటి మనిషిని నేనే అయ్యుంటాను. మేడ మీది కిటికీ కర్టెను ఒక వేలు పక్కకు జరిపి చూశాను. ఇద్దరు పోలీసులు వచ్చారు. వాళ్లకూ ఇబ్బందిగానే ఉంది.

"అమ్మా, లేవండి," అన్నాడు పెద్ద పోలీసు.

"ఎవరికైనా దారి కావాలా బాబూ?"

"లేదమ్మా."

"మరి ఎందుకు లేవాలి?"

"గోడ మీద రాసుందమ్మా."

"అది మేము చదివాం. కాదంటున్నాం. మీరు రాసుకోవాల్సింది రాసుకోండి. ఈ కాలరు రెండు కుట్లలో అయిపోతుంది, తరవాత వస్తాను."

ఆయన నిలబడి ఆ రెండు కుట్లు పూర్తయ్యే దాకా ఆగాడు. తరవాత నలుగురి పేర్లూ రాసుకుని, సోమవారం కోర్టుకు రమ్మని కాగితాలు ఇచ్చాడు.

సోమవారం నాకు జ్వరం వచ్చింది. థర్మామీటరుకు అందని జ్వరం. కాబట్టి ఆ రోజు జరిగింది నా భార్య చెప్పగా విన్నదే. నర్సు రోగులను వదిలి ఉండలేక, తన పేరు పిలవక ముందే జరిమానా కట్టేసింది. డ్రైవరుకూ నా భార్యకూ మొదటి తప్పని మందలింపు ఇచ్చారు. ఉత్తరాలు రాసింది అక్కే కాబట్టి తనను అలా వదల్లేదు. మేజిస్ట్రేటు, ఆవిడ కూడా వయసు మళ్లినావిడే, కళ్లజోడు పైకి జరుపుకుని అడిగిందట.

"మీరు కూర్చున్నారని ఒప్పుకుంటున్నారా?"

"కూర్చున్నానండి."

"అయితే తప్పు చేశానని ఒప్పుకుంటున్నట్టేగా?"

"కూర్చున్నానని ఒప్పుకుంటున్నాను. కూర్చోవడం తప్పని ఒప్పుకోవడం లేదు. జరిమానా కట్టను. మీరు లోపల పెట్టాలంటే పెట్టండి, వెళ్తాను. దానికి మీ మీద నాకు కోపం లేదు."

అక్కను మూడు రోజులు లోపల పెట్టారు. పైనున్న మూడుకు జోడుగా ఉంటుందని నేను రాసిన మూడు.

ఆ సాయంత్రం నా భార్య భోజనం డబ్బా కట్టి నా ముందు పెట్టింది. "వదినకి మీరే తీసుకెళ్లండి," అంది. పాతికేళ్ల కాపురంలో ఆవిడ తిట్లకు నేను ఎప్పుడూ భయపడలేదు. ఆ రోజు తిట్టకపోయేసరికి భయపడ్డాను.

ఎవరూ గుర్తుపట్టకూడదని వాన లేకపోయినా గొడుగు వేసుకుని వెళ్లాను. గేటు దగ్గర కాపలావాడు అంత దూరం నుంచే, "కామాగారూ! మీ అక్కగారిని చూడ్డానికేనా?" అని వీధి వీధంతా వినేలా పలకరించాడు. ఎండలో గొడుగు వేసుకున్నవాణ్ణి ఎవరు మాత్రం చూడరు!

అక్క ఒక బల్ల మీద కాళ్లు ముడుచుకుని కూర్చుని ఉంది. చేతిలో సూది లేక వేళ్లు ఊరికే ఆడుతున్నాయి. డబ్బా పక్కన పెట్టి, "అదుండనీ. ఆ రూల్ పుస్తకం ఉంటుందటగా, అది తీసుకురా," అంది.

"అది ఆఫీసు పుస్తకం అక్కా."

"అచ్చు వేసింది జనం చదవడానికేగా?"

నిజమే. మా ఆఫీసు వరండాలో, అద్దాల బీరువాలో, 'ఎవరైనా చూడవచ్చు' అనే బోర్డు కింద అది ఇరవై ఏళ్లుగా ఉంది. తాళం లేదు. ఎవరూ చూడరు కాబట్టి తాళం అవసరం రాలేదు. మర్నాడు దాన్ని తీసుకుని, పేపరులో చుట్టి, కోటు లోపల పెట్టుకుని బయటపడ్డాను. జనం సొత్తును జనానికి ఇవ్వడానికి పోతూ అంత చెమటపట్టిన గుమాస్తా ఇంకొకడు ఉండడు.

"పదిహేడు చదువు," అంది అక్క.

చదివాను. "అడ్డంకి అనగా, బండి, కలప, ఇటుకల కుప్ప, మృత పశువు, మరియు తనంతట తాను తొలగలేని ఇతర వస్తువు."

"ఇంకా?"

"అంతే."

"మనుషులెక్కడున్నారు?"

"అది... ఉత్తర్వులో వివరింపబడింది."

"ఎవరు వివరించారు?"

"ఆఫీసు."

"ఆఫీసుకి చేతులుంటాయిరా?"

నేను చుట్టూ చూశాను. గోడ మీద గడియారం ఉంది. దాన్ని చూసి టైమైపోయింది అన్నాను. నిజానికి ఇంకా ఇరవై నిమిషాలు ఉంది. లేవబోతుంటే అక్క నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"విను. దారికి అడ్డమొస్తే జరగమను, జరుగుతాను. ఎవరికైనా ఒంట్లో బాగాలేక బండి వస్తే, అందరికంటే ముందు నేనే కుర్చీ తీస్తాను. అది చెప్పడం ఆఫీసు పని, కాదనను. నేను చొక్కాకి కొలత తీస్తాను. మెడ, భుజం, చెయ్యి. అంతవరకే నా టేపు. ఆ మనిషి జేబులో ఏముందో, ఇంటికెళ్లి ఎవరితో మాట్లాడతాడో నేను చూడకూడదు. కొలత తియ్యనిచ్చాడు కదా అని జేబులో చెయ్యి పెడితే వాడు నా చెంప పగలగొట్టినా తప్పులేదు. మీ ఆఫీసు నా జేబులో చెయ్యి పెట్టిందిరా. ఆ చెయ్యి ఎవరిదో నాకు తెలియాలి."

ఆ చెయ్యి తన చేతిలోనే ఉందని నేను చెప్పలేదు. పుస్తకం అక్కడే వదిలేసి వచ్చేశాను. ఇంటికొచ్చి భోజనం చేశాను, రెండోసారి కూడా వడ్డించుకున్నాను. మనస్తాపంలో ఆకలి చచ్చిపోతుందంటారు. నాకు అలాంటి అదృష్టం లేదు.

అక్క బయటికి వచ్చిన రోజు సాయంత్రం అయిదింటికి మళ్లీ మెట్ల మీద కూర్చుంది. ఆ రోజు నలుగురు కాదు. మా సందులో ఇంటింటి ముందూ కూర్చున్నారు. పక్క సందులో కూడా. అందరూ ముందుగా ఉత్తరాలు రాశారు. నా బల్ల మీద ఉత్తరాలు పేరుకుపోయి, వాటి వెనక నేను కనబడటం లేదని పక్క సీటువాడు అన్నాడు. ముప్పై ఒక్క మందికి కోర్టు కాగితాలు అందాయి. అందులో నా భార్య రెండోసారి. ఈసారి తను కూడా జరిమానా కట్టనంది. "మీరు వంట నేర్చుకోండి, మూడు రోజులు పడుతుంది," అంది నాతో.

ఈసారి నాకు జ్వరం తెచ్చుకునే వీలు లేకపోయింది. కోర్టుకు ఫైలు మోసుకెళ్లాల్సింది నేనే. కమిషనర్‌గారు, ఆఫీసు వకీలు ముందు నడిచారు, నేను వెనక. హాలు నిండా మా పేట జనమే. నేను ఫైలును ఛాతీకి అదుముకుని, కుక్కిన పేనులా ఒక మూల కూర్చున్నాను.

ముప్పై ఒక్క మంది తరఫున డ్రైవరు లేచాడు. గొంతు సవరించుకున్నాడు. చేతిలో పేపరు చుట్టిన ఆ పుస్తకమే.

"అమ్మా, నేను నలభై ఏళ్లు రైలు నడిపాను. సిగ్నల్ పడితే ఆగాను, ఎందుకని అడగలేదు. ఎందుకంటే ఆ సిగ్నల్ వెయ్యడానికి వాళ్లకి హక్కుంది. ఇక్కడ పుస్తకంలో పదిహేడో నిబంధన ఉంది. ఇందులో మనుషులన్న మాట లేదు. గోడ మీది కాగితంలో ఉంది. మధ్యలో ఎక్కడెక్కించారో మాకు తెలియాలి."

మేజిస్ట్రేటు పుస్తకం తీసుకుని చదివింది. కాగితం తీసుకుని చదివింది. మళ్లీ పుస్తకం చదివింది. తరవాత వకీలు వైపు చూసింది. "కౌన్సిల్ తీర్మానం ఏమైనా ఉందా?"

వకీలు కమిషనర్‌గారి వైపు చూశాడు. కమిషనర్‌గారు నా వైపు చూశారు. నా వెనక గోడ ఉంది, నేను ఎవరి వైపూ చూడటానికి లేకపోయింది.

"ఫైలు మీ దగ్గరే ఉందిగా, మీరు చెప్పండి. ఈ 'వ్యక్తులు గల సమూహము' అన్నది ఎక్కడి నుంచి వచ్చింది?"

నేను లేచి నిలబడ్డాను. దీనికి నా దగ్గర జవాబు తయారుగా ఉంది. రాత్రంతా మనసులో కట్టుకున్నాను. 'కాలానుగుణమైన పరిపాలనా అవసరములను దృష్టిలో ఉంచుకొని, ఉన్నతాధికారుల అభిమతమునకు అనుగుణముగా, కార్యాలయ సంప్రదాయము ననుసరించి' అంటూ పదకొండు కామాలతో, ఎవరూ దొరక్కుండా, ఏమీ చెప్పకుండా సాగిపోయే వాక్యం. నా జీవితంలో అంత మంచి వాక్యం రాయలేదు. నోరు తెరిచాను.

"కాలానుగుణమైన..."

"ఎవరు రాశారు? అది చెప్పండి చాలు," అంది ఆవిడ.

ముందు వరసలో నా భార్య నా మొహం చూడకుండా ఒళ్లో చేతులు చూసుకుంటోంది. అక్క మాత్రం సూటిగా చూస్తోంది. కోపంగా కాదు. చిన్నప్పుడు ఎక్కం మరిచిపోతే, గుర్తొచ్చే దాకా అలాగే చూసేది.

"నేనేనండి," అన్నాను.

"ఎవరు రాయమన్నారు?"

ఇక్కడ నాకు ఇంకా ఒక దారి ఉంది. కమిషనర్‌గారు అని చెప్పొచ్చు. ఆయన మొహం తెల్లబడింది. ఆయన 'ఏదైనా' అన్నారు. కానీ...

"ఎవరూ రాయమనలేదండి. అక్కడ వాక్యం కుంటింది. ఇంకో మాట పడితే నడక బాగుంటుందని రాశాను."

హాల్లో నవ్వు మొదలైంది. వెనక బెంచీల్లోంచి మొదలై, ముందు వరసల దాకా, చివరికి కాపలా పోలీసుల దాకా పాకింది. నేను వీరుణ్ణవుతానని ఎక్కడో ఒక మూల ఆశ పెట్టుకున్నాను. జనం చప్పట్లు కొట్టలేదు, పొట్టలు పట్టుకున్నారు. నేను చెప్పిన నిజం అంత చవకబారుది. దాని కోసం ఒక మనిషి మూడు రోజులు ఖైదులో ఉంది.

మేజిస్ట్రేటు నవ్వలేదు. నవ్వు ఆగే దాకా ఉండి, నెమ్మదిగా చెప్పింది. చట్టం ఆఫీసుకు ఎంత అధికారం ఇచ్చిందో అంతే. దానికి ఒక్క మాట కలిపే హక్కు కమిషనర్‌కు లేదు, గుమాస్తాకు అసలే లేదు. దారి ఆగితే దారి అడగండి. మనుషులు ఎవరి పక్కన కూర్చోవాలో, ఏం మాట్లాడుకోవాలో మీరు రాయకండి. ఉత్తర్వు చెల్లదు, కేసులు కొట్టేస్తున్నాను. అక్క గడిపిన మూడు రోజులను వెనక్కి ఇచ్చే అధికారం మాత్రం తనకు లేదని, అందుకు విచారిస్తున్నానని కూడా అంది.

బయట మెట్ల మీద కమిషనర్‌గారు నా పక్కకు వచ్చారు. "నేను 'ఏదైనా' అన్నాను కామా, అది అన్లేదు," అన్నారు.

"అవును సార్."

"చదవాల్సింది," అన్నారు జేబులో పెన్ను సర్దుకుంటూ. అది నాతో అన్నారో, తనతో అనుకున్నారో తెలియలేదు.

ఇంటి దారిలో అక్క నా ముందు నడుస్తోంది. నాలుగు మంచి మాటలు వస్తాయేమోనని దగ్గరగా నడిచాను.

"అక్కా, చివరికి నిజం చెప్పాను కదా."

"చెప్పావు. అడిగితే చెప్పావు. లోపల ఉండగా నేనూ అడిగాను, అప్పుడు గడియారం చూశావు."

"భయమేసింది."

"నాకూ వేసిందిరా. మొదటి రోజు నిద్ర పట్టలేదు. తలుపు బయట గొళ్లెం పడిన చప్పుడు వినడం అదే మొదటిసారి." కొంచెం దూరం నడిచి, వెనక్కి తిరక్కుండానే, "మధ్యాహ్నం ఏమైనా తిన్నావా?" అంది. నాకు ఏడుపొచ్చింది. తిన్నాను అని అబద్ధం చెప్పాను. ఇంటికెళ్లాక అక్కే వడ్డించింది.

నన్ను ఉత్తర్వుల సీటు నుంచి తీసి, కింది అంతస్తులో నీళ్ల ఫిర్యాదులు రాసుకునే సీటులో వేశారు. శిక్ష అని ఎవరూ అనలేదు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా జనం వచ్చి తుప్పు నీళ్ల గురించి నన్ను తిడతారు. నేను రాసుకుంటాను. మా పేట గొట్టాలు సగం మార్చారు. మిగతా సగం వచ్చే ఏడాది అంటున్నారు. మా ఇల్లు ఆ మిగతా సగంలో ఉంది.

పై అంతస్తులో నా సీటులోకి కొత్తగా ఒకావిడ వచ్చింది. ముప్పై దాటని మనిషి, గట్టిగా మాట్లాడదు. ఒక రోజు ఒక కాగితం పట్టుకుని నా దగ్గరికి దిగివచ్చింది. పత్రికకు ఆఫీసు మీద ఉత్తరాలు రాసేవారు ముందుగా ఆఫీసుకు ఒక నకలు ఇవ్వాలని ఉత్తర్వు కావాలట. ఏ నిబంధన కింద రాయాలో దొరకడం లేదట.

"దొరకదమ్మా. అలాంటిది లేదు," అన్నాను.

"మరి సార్‌తో ఏం చెప్పమంటారు?"

నా ముప్పై ఒక్క ఏళ్ల అనుభవమంతా ఒక్కసారి పైకి తన్నుకొచ్చింది. నెమ్మదిగా చెప్పు, రెండు వారాలు ఫైలు తొక్కిపెట్టు, న్యాయ సలహా కోసం పంపినట్టు పంపు, సెలవు పెట్టు అని ఎన్నో ఉపాయాలు ఏకరువు పెట్టాను. ఆవిడ మర్యాదగా అన్నీ విని, నా బల్ల దగ్గరే నిలబడి కాగితం మీద రాసింది: 'ఇందుకు మనకు అధికారం లేదు.' కింద సంతకం పెట్టి పైకి తీసుకెళ్లింది.

నేను ఆ రోజంతా చెవులు పైకి పెట్టుకుని కూర్చున్నాను. అరుపులు వినబడతాయనుకున్నాను. రెండింటికి ఆవిడ భోజనం డబ్బా పట్టుకుని మెట్లు దిగింది.

"ఏమైందమ్మా? సార్ ఏమన్నారు?" అన్నాను ఆత్రంగా.

"చదివారండి. సరే అని పక్కన పెట్టేశారు. ఎందుకండీ?"

"ఏం లేదు," అన్నాను. "భోజనం చెయ్యి, చల్లారిపోతుంది."